పెళ్లి స్టేజీ మీద చనిపోయిన నాన్నగారి ఏఐ వీడియో: చేయించాలా, వద్దా?

మధురవాడ_మాధవి

అందరికీ నమస్కారం. ఇది ఇంటి విషయం. చుట్టాల్లో అడిగితే అప్పుడే రెండు పక్షాలు తయారయ్యాయి, అందుకని ఇక్కడ అడుగుతున్నాను.

మా చెల్లి పెళ్లి మాఘమాసంలో. బీచ్ రోడ్డు వైపు ఫంక్షన్ హాలు మాట్లాడాం. నాన్నగారు 2021లో కరోనా రెండో వేవ్‌లో పోయారు. జీలకర్ర బెల్లానికి ముందు ఎల్‌ఈడీ తెర మీద నాన్నగారు కనిపించి చెల్లిని ఆశీర్వదించేలా ఏఐ వీడియో చేయిద్దామని తమ్ముడు పట్టుబడుతున్నాడు. నాలుగు ఫొటోలు, కాస్త గొంతు ఉంటే చాలన్నారట ఈవెంట్ వాళ్లు. మాటలు కూడా వాళ్లే రాసి పంపారు. "నా బంగారుతల్లీ, నేనెక్కడికీ వెళ్లలేదు, నీ పక్కనే ఉన్నాను" అని మొదలవుతుంది.

మా నాన్నగారు పోర్టులో పనిచేశారు. జన్మలో ఎవరినీ బంగారుతల్లీ అన్న మనిషి కాదు. మమ్మల్ని "ఏమే" అనేవారు, కోపమొస్తే పూర్తి పేరు పెట్టి పిలిచేవారు.

చెల్లి ఒకరోజు సరే అంటుంది, మర్నాడు వద్దంటుంది. అమ్మయితే నోరే విప్పడం లేదు. మీలో ఎవరైనా ఇలాంటిది చేయించారా? పోనీ ఎక్కడైనా చూశారా?

సింపుల్_సురేష్

పెళ్లిలో అందరినీ ఏడిపించడం ఎందుకండీ. వద్దు.

సాగర్_ఐటీ

మాధవి గారూ, చేయడం ఇప్పుడు కష్టమేమీ కాదు. 2021లో మైహెరిటేజ్ వాళ్లు పాత ఫొటోలో మనిషి కళ్లు ఆర్పి తల తిప్పేలా చేసే డీప్ నోస్టాల్జియా తెస్తేనే అందరూ నోరెళ్లబెట్టారు. ఇప్పుడు పెదవులూ గొంతూ కూడా కలిపేస్తున్నారు.

2020లో కొరియాలో ఎంబీసీ టీవీ వాళ్లు ఇంకా ముందుకు వెళ్లారు. చనిపోయిన ఒక చిన్నపాపను వర్చువల్ రియాలిటీలో తయారుచేసి తల్లికి చూపించారు. ఆవిడ కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని గాలిలో చేతులు చాపి పాపను తడమబోయింది. చూసినవాళ్లు చాలామంది ఇది క్రూరత్వం అన్నారు. ఆ తల్లి మాత్రం తనకు సంతోషంగానే అనిపించిందని చెప్పింది. కాబట్టి బయటివాళ్లం మనం తీర్పు చెప్పడం కష్టం.

ఒక్క జాగ్రత్త. నాన్నగారి గొంతు ఎవరి చేతికి ఇస్తున్నారో చూసుకోండి. పని అయ్యాక ఫైళ్లు తీసేస్తామని రాసిమ్మనండి. గొంతు కాపీ కొట్టి "అర్జెంటుగా డబ్బు పంపు" అని ఫోన్లు చేసే మోసాలు వింటూనే ఉన్నాం.

పూర్ణామార్కెట్_స్టూడియో

అమ్మా మాధవీ, మాది పూర్ణామార్కెట్ దగ్గర ఫొటో స్టూడియో. ఫిల్ము రోజుల్లో మా నాన్నగారు పెట్టారు. పోయినవాళ్ల ఫొటోల మీదే మా ఇల్లు చాలావరకు నడిచిందని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

అప్పట్లో మనిషి పోతే కబురొచ్చేది. నాన్నగారు కెమెరా సంచి తీసుకుని వెళ్లేవారు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోకుండా వెనకాల గుడ్డ కట్టి, చుట్టూ పిల్లల్ని నిలబెట్టి తీసేవారు. చాలా ఇళ్లలో ఆ మనిషికి అదే మొదటి ఫొటో. తర్వాత ప్రింటు మీద సన్నబ్రష్షుతో కళ్లు తెరిచినట్టు గీసేవారు. కళ్లు గీసే రోజు నాన్నగారు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. గుడ్లు ఒక్క పిసరు పక్కకి జరిగినా ఇంట్లోవాళ్లు "మా ఆయన కాదిది" అని తిరిగి పంపేసేవారు.

ఇప్పుడు ఎక్కువగా ఆధార్ కార్డు పట్టుకుని వస్తారు. ఆడవాళ్లయితే మరీను. ఇంట్లో అందరి ఫొటోలూ ఉంటాయి, ఆవిడది ఒక్కటీ ఉండదు. లేదంటే ఎవరి పెళ్లిలోనో బంతిలో కూర్చుని తింటున్న ఫొటో ఇస్తారు. మేం విస్తరి తీసేసి, భుజం మీద పడ్డ పక్కావిడ చెయ్యి తీసేసి, వెనకాల నీలం రంగు వేసి, పట్టుచీర కడతాం. బతికుండగా ఆవిడ పట్టుచీర కట్టిందో లేదో దేవుడికెరుక. దినాలకి ఫ్రేము, సెంటర్లో అశ్రునివాళి ఫ్లెక్సీ, వాట్సాప్ స్టేటస్, అన్నిటికీ అదే ఫొటో. పదేళ్లు పోయాక మనవలకి ఆవిడంటే ఆ పట్టుచీరే.

జంట ఫొటోలది మరో గొడవ. తాతగారు ముప్ఫయ్యేళ్లకే పోయుంటారు, మామ్మగారు ఎనభై దాటి పోతారు. ఇద్దరినీ పక్కపక్కన పెడితే తల్లీకొడుకుల్లా ఉంటారు. ఈమధ్య ఒకాయన వచ్చి, మామ్మ ఇంకా ఉండగానే, "ఏఐతో మా తాతని ముసలాయన్ని చేసి మామ్మ పక్కన పెట్టండి" అన్నారు. చేసిచ్చాను. తెల్లజుట్టు, ముడతలు, చక్కగా వచ్చింది. మామ్మగారు దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "ఈయనెవర్రా?" అన్నారట.

కాబట్టి అబద్ధం మాకు కొత్త కాదమ్మా, దాన్నే అమ్ముకుని బతికాం. కానీ మా అబద్ధం గోడ మీద ఊరికే ఉంటుంది. మీ వాళ్లు చేస్తామంటున్నది ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది.

వకీలు_విశాఖ

చట్టం ఏమంటుందో చెబుతాను, ఎందుకంటే "కుటుంబం అనుమతి ఉంటే చాలు" అని అందరూ తేలిగ్గా అనేస్తారు.

చనిపోయిన మనిషి ముఖం, గొంతు ఎవరివి? మన కోర్టులు ఇప్పటిదాకా చెప్పినదాన్ని బట్టి చూస్తే వారసులకు పెద్ద ఆధారం లేదు. జయలలిత జీవితం మీద తీసిన సినిమాని ఆపాలని ఆమె మేనకోడలు వేసిన కేసులో మద్రాసు హైకోర్టు 2021లో, సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2023లో ఇంచుమించు ఒకే మాట చెప్పాయి. గోప్యత, వ్యక్తిత్వ హక్కులు మనిషితోనే పోతాయి, ఇల్లూ పొలంలా పిల్లలకు రావు అని.

మన బాలుగారి సంగతే చూడండి. ఆయన 2020 సెప్టెంబరులో పోయారు. 2023లో వచ్చిన ఒక తెలుగు సినిమాలో ఏఐతో ఆయన గొంతు పుట్టించి వాడారని, తమను అడగలేదని ఆయన కొడుకు చరణ్ గారు 2024లో లీగల్ నోటీసు ఇచ్చారు. అదే ఏడాది రెహమాన్ ఒక తమిళ పాటలో చనిపోయిన గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులు ఏఐతో తెచ్చారు, కానీ రెండు కుటుంబాల అనుమతి తీసుకుని పారితోషికం కూడా ఇచ్చామని ప్రకటించారు. చట్టం గట్టిగా లేనిచోట మర్యాదే నడుస్తోంది.

ఇంకో ముచ్చట. 2018లో పోయిన కరుణానిధి గారు 2024లో తెర మీద కనిపించి కొడుకు పాలనను మెచ్చుకున్నారు. అలా వచ్చినాయన కొడుకుని నాలుగు చీవాట్లు పెడితే నేనూ నమ్మేవాణ్ణి.

సింపుల్_సురేష్

వకీలు గారు 👏

జాలారిపేట_అప్పన్న

మా పెదజాలారిపేటలో మనిషి పోతే ఆడవాళ్లు శోకాలు పెడతారు. బయటివాళ్లకి అది గోలలా ఉంటుంది గానీ, విన్నవాళ్లకి అందులో ఆ మనిషి బతుకంతా ఉంటుంది. ఏ ఏడు వల చిరిగింది, ఎవరి దగ్గర అప్పుచేశాడు, తుఫానుకి ఎలా తిరిగొచ్చాడు, తాగొచ్చి ఎవర్ని కొట్టాడు, అన్నీ రాగంలో వచ్చేస్తాయి. పోయినవాణ్ణి పొగుడుతూనే తిడతారు కూడా. "అప్పు నా నెత్తిన పెట్టి పోయావు, రేపు పొద్దున్న బోటు ఎవరు తోస్తారు" అని మా పెద్దమ్మ మా పెదనాన్న గుండెల మీద కొట్టి మరీ అడిగింది.

మా కుర్రాడొకడు దాన్ని ఫోన్లో తీశాడు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత ఆవిడ గొంతు తీసేసి, కింద సినిమా విషాదం మ్యూజిక్ పెట్టి రీల్ చేసి వదిలాడు. వేలమంది చూశారు. కన్నీళ్ల బొమ్మలు, దండాల బొమ్మలు. ఆవిడేం అందో ఒక్కడికీ వినపడలేదు. ఇంట్లో పెద్ద రభస అయింది, ఆ కుర్రాడు ఇప్పటికీ వాళ్ల గుమ్మం తొక్కడు.

మీ వీడియో మాట నాకు తెలియదు గానీ మాధవి గారూ, మీ నాన్నగారి గురించి మాట్లాడాలంటే మీ అమ్మగారో మీ మేనత్తో మాట్లాడాలి. ఈవెంట్ వాళ్లు రాసింది ఆయన నోట్లో పెట్టడమేంటి?

భీమిలి_మాస్టారు

అప్పన్నా, బాగా చెప్పావు. కానీ పాతదంతా నిజం, కొత్తదంతా దొంగ అని తేల్చేస్తే మాత్రం ఒప్పుకోను.

మా భీమిలిలో డచ్చివాళ్ల సమాధులున్నాయి. సముద్రం దాటి వ్యాపారానికొచ్చి ఇక్కడే పోయినవాళ్లు. రాళ్ల మీద పేరు, హోదా చెక్కించుకున్నారు. వాళ్ల సరుకు మోసిన కూలీలు, వాళ్ల ఇళ్లలో వండిన ఆడవాళ్లు ఎక్కడ పోయారో, వాళ్ల పేర్లేమిటో చెప్పే రాయి ఒక్కటి లేదు. బావికొండ మీద తవ్వితే ఎముక ముక్క ఉన్న పాత్ర దొరికింది, బుద్ధుడి ధాతువని నమ్ముతారు. దాని చుట్టూ స్తూపం లేచింది. ఆ స్తూపానికి ఇటుకలు మోసినవాడి సంగతి ఎవరికీ పట్టలేదు. జ్ఞాపకం ఎప్పుడూ ఉన్నవాళ్ల సొత్తే. ఇవాళ జాలారిపేట మనిషి గొంతు ఫోన్లో మిగులుతోంది, అది చిన్న విషయం కాదు.

బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ ఉంది కదా, 1971 యుద్ధానికి గుర్తుగా 1996లో కట్టారు. దాని ముందు నవ్వుతూ సెల్ఫీలు దిగుతుంటే నాకు మొదట్లో కోపం వచ్చేది, ఇప్పుడు రావడం లేదు. అదే యుద్ధంలో మన తీరం దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీలో తొంభై మందికి పైగా మనుషులు ఇంకా ఆ నీళ్ల అడుగునే ఉన్నారు. వాళ్ల పిల్లలకి ఈ ఒడ్డుకి వచ్చి ఒక పువ్వు వేసే వీలు కూడా లేదు. సెల్ఫీ దిగేవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసో. సరే, దారి తప్పాను.

శర్మ_సీతమ్మధార

నేను పౌరోహిత్యం చేస్తాను. పెళ్లిళ్లూ, అపరకర్మలూ రెండూ.

కరోనా రోజుల్లో అమెరికా పిల్లలకి జూమ్‌లో ఆబ్దికాలు పెట్టించాను. "పంతులుగారూ, ఇలా చేస్తే ముడుతుందా" అని అడిగేవారు. ముడుతుందో లేదో నేనెవర్ని చెప్పడానికి, శ్రద్ధ ఉంటేనే శ్రాద్ధం అన్నాను. ఇబ్బందల్లా, తిలోదకాలు వదిలే సమయానికి సిగ్నల్ పోయేది. ఇక్కడ నేను మంత్రం చెప్పేసి కూర్చుంటే అక్కడ ఆయన చేతిలో నువ్వులు పట్టుకుని అలాగే ఉండేవాడు.

నాకు తోచిన తేడా ఒకటి చెబుతాను. మన తద్దినానికి ఒక హద్దుంది. తండ్రి, తాత, ముత్తాత, వసు రుద్ర ఆదిత్య రూపాలుగా ముగ్గురి పేర్లే చెబుతాం. నాలుగో తరం ఆయన పేరు ఇక పలకం, ఆయన పితృదేవతల్లో కలిసిపోయినట్టే. అంటే మరిచిపోవడానికి కూడా మనకి ఒక పద్ధతి పెట్టారు. ఫోన్‌కి ఆ పద్ధతి తెలియదు. తిథితో పని లేకుండా, అన్నం తింటుంటే "నాలుగేళ్ల కిందట ఇదే రోజు" అని ముఖం తెచ్చి పెడుతుంది.

పెళ్లిలో వీడియో శాస్త్రానికి విరుద్ధమా అని అడిగితే, శాస్త్రంలో దాని ఊసే లేదు. కానీ శుభకార్యానికి ముందు పెద్దల్ని తలుచుకోవడానికి నాందీ ఉంది. అందులో వాళ్లని పిలుస్తాం, దండం పెడతాం. వాళ్ల చేత ఉపన్యాసం ఇప్పించం.

గోపాలపట్నం_గిరి

శర్మగారు చెప్పిన ఆ "ఇదే రోజు" మా వైపు ఏటా మే 7న వస్తుంది. 2020లో ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైన తెల్లవారుజామున రోడ్ల మీద మనుషులు నడుస్తూ నడుస్తూ కూలిపోయిన వీడియోలు మీరందరూ చూసే ఉంటారు, దేశమంతా చూసింది. 12 మంది పోయారు. మాకు తెలిసిన ఇంట్లో పాప కూడా పోయింది. మే నెల వస్తే ఎవరో ఒకరు మళ్లీ గ్రూపుల్లో ఆ వీడియోలు తిప్పుతారు, కింద నివాళి అని రాసి. ఆ కుటుంబాలు ఆ వారం ఫోన్ ముట్టుకోవు.

అలాంటి వీడియో అసలు ఉండకూడదనీ అనలేను. అవి లేకపోతే జరిగిందాన్ని ఎంత చిన్నది చేసి చూపించేవారో. నివాళి పేరుతో తిప్పేవాళ్లు ఒక్కసారి ఆ ఇంటివాళ్లని అడిగితే బాగుండును.

కిరణ్_బెంగళూరు

నేనే ఆ తమ్ముణ్ణి. అక్క ఈ లింకు చెల్లికి పంపితే చెల్లి నాకు పంపింది.

అందరూ బాగా రాశారు. కానీ అక్కా, నువ్వొక విషయం రాయలేదు. నాన్న పోయినప్పుడు నువ్వు ఊళ్లో ఉన్నావు, నేను లేను. మే నెల, ఎక్కడికక్కడ లాక్‌డౌన్. ఆసుపత్రిలో ఒక వార్డుబాయ్ దయతలచి వీడియో కాల్ చేశాడు. ఆక్సిజన్ మాస్కులో నాన్న ముఖం, అది కూడా సగంలో నెట్ ఆగిపోయి గడులు గడులుగా అయిపోయింది. దహనం బావ ఫోన్లో చూశాను, తెల్ల పీపీఈ కిట్ల మధ్య ఒక సంచి. నాకు నాన్న అనగానే వచ్చే ముఖం ఆ గడులదే. మీకు ఇల్లంతా నాన్న ఉన్నారు. నాకు బతికున్న ముఖం ఒకటి కావాలి. అది కూడా తప్పంటే ఇక నేనేం చెప్పను.

స్క్రిప్టు చెత్తగా ఉందని నాకూ తెలుసు. మార్పిద్దామనే అనుకున్నాను.

సాగర్_ఐటీ

కిరణ్ గారూ, తప్పని ఎవరూ అనలేదు. మీ ఇంట్లో ఒకరికి మందైనది ఇంకొకరికి పడటం లేదు, అంతే.

పెళ్లి సంగతి మీరు మీరు తేల్చుకోండి. ఈలోగా చేయాల్సిన పని ఒకటుంది. నాన్నగారి నిజం గొంతు ఎక్కడెక్కడ ఉందో వెతకండి. 120 రోజులు వాడకపోతే వాట్సాప్ ఖాతా తీసేస్తారు, ఆయన పేరు ఫ్యామిలీ గ్రూపులోంచి "లెఫ్ట్" అని పోయి ఉంటుంది. (మా ఇంట్లో ఆ ఒక్క లైను చూసి మా పిన్ని రెండోసారి కూలబడింది.) అయినా ఆయన పంపిన వాయిస్ నోట్స్ అందుకున్నవాళ్ల ఫోన్లలో ఉండొచ్చు. మీ బాబాయిలనీ, పోర్టులో ఆయన స్నేహితులనీ అడగండి. చాట్ తెరిచి మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి పంపమనండి. ఆయన పాత ఫోన్ ఉంటే యాప్ మాత్రం తీసేయకండి, అందులో ఉన్న మెసేజీలు పోతాయి.

జీమెయిల్ ఉంటే తొందరపడండి. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాల్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి తీసేస్తోంది, ఫొటోలతో సహా.

బతికున్నవాళ్లం మనం కూడా ఇవాళే ఈ పని చేసుకోవచ్చు. గూగుల్‌లో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంటుంది. మూడు నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఎంత కాలం చప్పుడు లేకపోతే మన డేటా ఎవరికి వెళ్లాలో చెప్పి పెట్టొచ్చు, పది మంది దాకా. ఐఫోన్‌లో లెగసీ కాంటాక్ట్ అని మన తర్వాత మన ఖాతా చూసుకునే మనిషిని పెట్టుకోవచ్చు, వాళ్ల దగ్గర యాక్సెస్ కీ, మన డెత్ సర్టిఫికెట్ ఉంటే ఆపిల్ తలుపు తీస్తుంది. ఫేస్‌బుక్‌లో పెట్టుకునే లెగసీ కాంటాక్ట్ మన ప్రొఫైల్ ఫొటో మార్చగలరు గానీ మెసేజీలు చదవలేరు. ఆ చివరిది చాలామందికి ఊరట అనుకుంటాను.

వకీలు_విశాఖ

దానికి నా తోక: 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 14వ సెక్షన్‌లో నామినీ మాట ఉంది. మనం పోయాక మన డేటా హక్కుల్ని ఎవరు వాడాలో మనమే చెప్పుకోవచ్చని అందులో రాశారు. బ్యాంకు నామినీ రాసినంత శ్రద్ధగా ఇది రాసేరోజు ఎప్పుడొస్తుందో చూడాలి.

అడ్మిన్

ఏఐ వీడియోలు చేసిస్తాం అంటూ రేట్లు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. ఈ చర్చలో వ్యాపారం వద్దు.

మధురవాడ_మాధవి

ఆలస్యంగా రాస్తున్నాను, శుభలేఖల పంపకంలో పడిపోయాను.

కిరణ్ రాసింది చదివాక అమ్మకి చదివి వినిపించాను, గడుల ముఖం సంగతి కూడా. అప్పుడు మాట్లాడింది. "వాడికి కావాలంటే చేయించుకోమను, వద్దనను. కానీ పెళ్లిలో అందరి మధ్యా ఆయన నన్ను పిలిస్తే నేను పలకాలా, ఊరుకోవాలా? ఏది చేసినా జనం నన్నే చూస్తారు" అంది. ఇంతమందిమి ఇన్ని కబుర్లు చెప్పుకున్నాం గానీ ఆవిడ ఎక్కడ కూర్చోవాలో ఒక్కరం ఆలోచించలేదు.

కాబట్టి పెళ్లిలో తెర మీద ఏమీ ఉండదు. పెళ్లికూతుర్ని చేసేరోజు ఇంట్లో నాన్నగారి ఫొటో ముందు చెల్లి దండం పెట్టుకుంటుంది, మేనత్త నాలుగు మాటలు చెబుతుంది. ఆవిడ చెబితే తిట్లు కూడా ఉంటాయి, అప్పన్న గారికి నచ్చుతుంది.

సాగర్ గారు చెప్పినట్టు వెతికితే చిన్న బాబాయ్ ఫోన్లో ఒక వాయిస్ నోట్ దొరికింది. "ఒరే, నేను పెందుర్తి బస్సులో ఉన్నాను, ఇక్కడ సిగ్నల్ లేదు, దిగాక చేస్తాను, పెట్టేయ్." వెనకాల కండక్టర్ విజిల్. అంతే. కిరణ్‌కి పంపాను.

కిరణ్_బెంగళూరు

విన్నాను. చాలాసార్లు.

వీడియో నాకోసం నేను చేయించుకుంటాను అక్కా, మాటలు లేకుండా, ఊరికే నడిచి వస్తున్నట్టు. ఎవరికీ చూపించను. దాని గురించి మనం మళ్లీ మాట్లాడుకోవద్దు.

మధురవాడ_మాధవి

సరే.

స్టూడియో అంకుల్, మా దగ్గరున్న ఫ్రేము ఆధార్ ఫొటోతో చేయించింది, కోటు కూడా తగిలించారు. రిటైర్మెంట్ రోజు పోర్టు గేటు దగ్గర దిగిన ఫొటో ఒకటి దొరికింది, హాఫ్ హ్యాండ్స్ చొక్కాలో, జేబులో రెండు పెన్నులతో. దాన్ని పెద్దది చేసిస్తారా? కోటు వద్దు.

పూర్ణామార్కెట్_స్టూడియో

చేస్తానమ్మా. పెన్నులు అలాగే ఉంచుతాను. ఫోన్‌తో ఫొటోకి ఫొటో తీసి పంపకు, లైటు పడి మెరుస్తుంది. అసలు ప్రింటే తీసుకురా, స్కాన్ చేసి నీ కళ్లముందే తిరిగి ఇచ్చేస్తాను. కుదరకపోతే ఎక్కడైనా స్కాన్ చేయించి వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపు, మామూలుగా పంపితే క్లారిటీ పోతుంది. మాఘమాసం ముహూర్తాలకి ఆర్డర్లు ఎక్కువున్నాయి, ఈ వారంలోనే ఇస్తే మంచిది.